బండి పెట్టిన చోట పెట్రోల్ వాసన: ఎక్కడి నుంచి వస్తోందో మీరే పట్టుకోవచ్చు

మన వైపు ఇళ్లలో గ్యారేజీ అని విడిగా ఎంతమందికి ఉంటుంది? విజయనగరంలో దాసన్నపేట, తోటపాలెం లాంటి చోట్ల గ్రిల్స్ వేసిన వరండానే గ్యారేజీ. శ్రీకాకుళంలో అయితే మేడమెట్ల కింద ఖాళీ, లేదంటే అపార్ట్‌మెంట్ సెల్లార్. రాత్రి తొమ్మిదింటికి బండి లోపలికి ఎక్కించి, గ్రిల్‌కి తాళం వేసుకుని పడుకుంటాం. ఆ వరండాలోనే ఇన్వర్టర్, నీళ్ల మోటారు స్విచ్, చెప్పుల స్టాండు, దాని మీద వెలుగుతున్న దోమల చక్రం కూడా.

మా ఇంట్లో ఈ గొడవ కార్తీక మాసంలో మొదలైంది. గుమ్మం దగ్గర దీపం పెట్టబోయిన అమ్మ, ప్రమిద చేతిలో ఉండగానే ఆగిపోయింది. "ఏట్రా ఈ కంపు? గ్యాస్ గానీ లీకవుతుందేటి?" అంది. వంటింట్లోకెళ్లి చూస్తే రెగ్యులేటర్ కట్టేసే ఉంది. కంపు నా బండి దగ్గర. సాయంత్రం శ్రీకాకుళం నుంచి సుమారు డెబ్బై కిలోమీటర్లు నడిపి తెచ్చిన పాత 100 సీసీ బండి అది. "వేడి మీద ఉందమ్మా, చల్లారితే పోతుందిలే" అన్నాను. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియడానికి పదిహేను రోజులు, ఇద్దరు మెకానిక్‌లు కావలసి వచ్చింది.

మొదటి మెకానిక్ పెట్రోల్ పైపు మార్చాడు. వాసన పోలేదు. ఆయన్ని తప్పుపట్టను. "పెట్రోల్ వాసన వస్తోంది" అని తప్ప నేను ఇంకేమీ చెప్పలేదు. బండి ఆపాక ఎప్పుడు మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది, ట్యాంకు నిండా ఉన్నప్పుడా సగం ఉన్నప్పుడా అనేవి చెప్పగలిగితే రిపేరు సగం అయిపోయినట్టే. ఈ సమాధానాలు బండి విప్పకుండానే దొరుకుతాయి.

అన్నిటికంటే ముందు: వాసన గుప్పుమంటే

పెట్రోల్ మండటం అంటాం గానీ మండేది దాని ఆవిరి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుకని పైకి పోదు, నేల మీద పరుచుకుని, గడప దాటి, ఎక్కడ పల్లం ఉంటే అక్కడికి జారుతుంది. వాతావరణం సున్నాకి నలభై డిగ్రీలు కింద ఉన్నా, నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పెట్రోల్ నుంచి వస్తూనే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. ఇప్పుడు మన వరండా గుర్తు తెచ్చుకోండి. గుమ్మం దీపం ఉండేది నేల మీద, దోమల చక్రం ఉండేది జానెడు ఎత్తులో. ఆవిరి చేరేదీ సరిగ్గా అక్కడికే.

తలుపు తీయగానే ముక్కు మండేంత వాసన ఉంటే ముందు దీపం, చక్రం, అగరుబత్తీ లాంటివి ఉన్నాయేమో చూసి ఆర్పండి. లైటు స్విచ్ ముట్టుకోవద్దు. వెలుగుతుంటే వెలగనివ్వండి, లేకపోతే చీకట్లోనే ఉండండి. స్విచ్ వేసేటప్పుడూ తీసేటప్పుడూ లోపల చిన్న మెరుపు వస్తుంది. నీళ్ల మోటారు అసలు వేయొద్దు. బండి తాళం తిప్పకుండా, కిక్ కొట్టకుండా, న్యూట్రల్ చేసి తోసుకుంటూ ఆరుబయట పెట్టండి. ట్యాంకు కింద పెట్రోల్ ట్యాప్ ఉన్న బండి అయితే ఆఫ్ చేయండి. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ తెరిచి గాలి అటూ ఇటూ ఆడనివ్వండి. ఇంట్లోవాళ్లను బయట కూర్చోమనండి, ముఖ్యంగా పిల్లల్ని. తలనొప్పి, కళ్లు తిరగడం పెట్రోల్ ఆవిరి వల్లే రావచ్చు.

నేల మీద కారి ఉంటే నీళ్లు పోసి కడగొద్దు. పెట్రోల్ నీళ్ల మీద తేలి కాలువలోకి పోతుంది, మంట అంటుకుంటే కాలువ వెంటే పాకుతుంది. పొడి ఇసుక గానీ రంపపు పొట్టు గానీ చల్లి, పీల్చుకున్నాక ఎత్తి బయట ఆరుబయట ఆరనివ్వండి. అంటుకుంటే చిన్న మంట మీద ఇసుకో, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరో వాడాలి. పెద్దదైతే బయటికి పరిగెత్తి 101కో 112కో ఫోన్ చేయడమే.

అది పెట్రోలేనా, వంటగ్యాసా అని అనుమానం వస్తే: వంటగ్యాస్‌కి కుళ్లిన క్యాబేజీ లాంటి కంపు కావాలనే కలుపుతారు. లీకు తెలియాలని. పెట్రోల్‌ది ఘాటు, కానీ కుళ్లు కాదు. వంటగ్యాస్ అని తోస్తే కరెంటు స్విచ్‌ల జోలికి పోకుండా బయటికి వచ్చి 1906కి చేయండి. అది దేశమంతటా పనిచేసే గ్యాస్ లీకేజీ నంబరు.

ఇక వాసన మామూలుగా, రోజూ విసిగించేలా ఉంటే కింది పనులు వరుసగా చేయండి. అన్నీ పగటిపూట, ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక.

ఒకటో పని: గడియారం చూడండి

బండి ఆపిన టైము ఫోన్‌లో రాసుకోండి. పది నిమిషాలకు ఒకసారి, అరగంటకు, గంటకు, పడుకోబోయే ముందు, తెల్లవారగానే వెళ్లి ఒక్కోసారి పీల్చి చూడండి. నవ్వులాటగా ఉంటుంది గానీ బండి గురించి దీనికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

ఆపిన పది పదిహేను నిమిషాలకు మొదలై, గంటలో తగ్గిపోయి, తెల్లారేసరికి ఏమీ లేకపోతే అది చాలావరకు వేడి వల్ల వచ్చేదే. నడుస్తున్నంతసేపూ గాలి తగిలి ఇంజిన్ చల్లబడుతూ ఉంటుంది. ఆపగానే గాలి ఆగుతుంది, ఇంజిన్‌లో దాచుకున్న వేడి పక్కనే ఉన్న కార్బొరేటర్‌కి, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగానికి పాకుతుంది. పెట్రోల్‌లో తేలికపాటి భాగం 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది. కార్బొరేటర్ కింది గిన్నెలో ఉన్న పెట్రోల్ అలా ఆవిరై, గాలి రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఆ రంధ్రం తయారీలోనే పెట్టినది, మూయకూడదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఏడు రోడ్ల జంక్షన్‌లో కాసేపు ఇరుక్కుని ఇంటికి వచ్చిన పాత బండి వాసన వేయకపోతేనే ఆశ్చర్యం.

దీనికి రిపేరు అక్కర్లేదు, అలవాటు మారిస్తే చాలు. బండిని వెంటనే లోపలికి ఎక్కించకుండా అరగంటో ముప్పావుగంటో వీధిలో నీడన ఉంచండి. ట్యాప్ ఉన్న కార్బొరేటర్ బండి అయితే, ఇంటికి కాస్త ముందు, మీ వీధి మొగ దగ్గర ట్యాప్ ఆఫ్ చేసి మిగతా దూరం గిన్నెలో ఉన్న పెట్రోల్‌తోనే వచ్చేయండి. గిన్నె ఖాళీ అయితే ఆవిరి కావడానికి ఏమీ ఉండదు. మెయిన్ రోడ్డు మీద మాత్రం ఈ పని చేయకండి. లారీ వెనక ఉండగా బండి ఆగిపోతే అదో టెన్షన్.

తెల్లారి తలుపు తీసేసరికి వాసన రాత్రి కంటే ఎక్కువ ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. రెండు రోజులు బండి తీయకపోయినా వాసన ఉంటే ట్యాంకు, మూత, పైపుల మీద అనుమానపడండి. స్టార్ట్ చేసినప్పుడే వచ్చి, సైలెన్సర్ వైపు నుంచే ఉంటే అది వేరే కథ, చివర్లో చెప్తాను.

రెండో పని: ట్యాంకు నిండాక చూడండి, సగం అయ్యాక చూడండి

ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు మాత్రమే వాసన వచ్చి, సగానికి దిగాక పోతోందా? లోపం పైన ఉంది, మూత దగ్గర. ఎంత ఉన్నా ఒకేలా వస్తోందా? లోపం కింద ఉంది, అంటే ట్యాప్, పైపు, కార్బొరేటర్. ఈ ఒక్క తేడా తెలిస్తే మెకానిక్ దగ్గర గంట మిగులుతుంది.

బంకులో నాజిల్ దానంతట అది ఆగాక, "రౌండ్ ఫిగర్ చేసేస్తానండీ" అని కుర్రాడు ఇంకో రెండుసార్లు నొక్కుతాడు. మనమూ సరే అంటాం. భూమిలోపలి ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ చల్లగా ఉంటుంది. బయట ఎండలో పెట్టగానే వేడెక్కి పొంగుతుంది. డిగ్రీకి లీటరుకు సుమారు ఒక మిల్లీలీటరు లెక్కేసుకోండి. పది లీటర్ల ట్యాంకు పదిహేను డిగ్రీలు వేడెక్కితే దాదాపు 140 నుంచి 150 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది, అంటే ఒక పెద్ద టీ గ్లాసు. మూత దాకా నింపిన ట్యాంకులో ఆ గ్లాసుడికి చోటేది? మూత సందుల్లోంచి, మూత కింది కాలువ పైపులోంచి బయటికి వస్తుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు ఒరిగి పెట్రోల్ మూత రబ్బరును నేరుగా తడుపుతుంది.

కాబట్టి నాజిల్ ఆగిన చోట ఆపించండి. మూత గొంతుకు రెండు వేళ్లు కిందుగా ఉంటే చాలు. తర్వాత మూత తిప్పి చూసి, చుట్టూ ఉన్న రబ్బరు వాషర్‌ని గోరుతో నొక్కండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. గట్టిపడి, గోరు దిగకపోతే, సన్న పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. అనుమానం తీరాలంటే, రాత్రి చల్లారిన బండి మూత మీద ఒక ప్లాస్టిక్ కవర్ కప్పి అంచులకు టేపు వేయండి. పొద్దున్న ఓ మూల ఎత్తి పీలిస్తే తెలిసిపోతుంది. నడపబోయే ముందు కవర్ తీసేయడం మర్చిపోవద్దు, మూతలోని గాలి రంధ్రం మూసుకుంటే దారిలో బండి ఆగుతుంది.

మూత చుట్టూ చిన్న గుంటలో ఓ రంధ్రం ఉంటుంది. వాన నీళ్లు, ఒలికిన పెట్రోల్ దాంట్లోంచి సన్న పైపు ద్వారా కిందికి పోతాయి. అది మట్టితో పూడిపోతే వానాకాలంలో నీళ్లు నిలిచి ట్యాంకులోకి దిగుతాయి. సన్నటి తీగతో అప్పుడప్పుడు తోయండి.

మూడో పని: ముగ్గుపిండి

మెకానిక్‌లు కింద అట్టముక్క పెట్టమంటారు. పెట్టాను. పెట్రోల్ చుక్క పడ్డ కాసేపటికే ఆవిరైపోయి, తెల్లారి చూస్తే పడిందో లేదో తెలియని ఓ లేత మరక. అమ్మ ముగ్గు డబ్బా చూశాక ఈ ఆలోచన వచ్చింది. బండిని మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద, ట్యాప్ కింద, వెనక చక్రం ముందు రాతి ముగ్గుపిండి పల్చగా, సమంగా జల్లించండి. చుక్క పడితే పిండిలో చిన్న గుంట పడుతుంది. పెట్రోల్ ఎగిరిపోయినా గుంట అలాగే ఉంటుంది. వాన చినుకు పడ్డ దుమ్ము గుర్తుందా, అలా.

మా వరండాలో తెల్లారేసరికి రూపాయి బిళ్లంత మేర గుంట మీద గుంట. సరిగ్గా పైన చూస్తే కార్బొరేటర్ నుంచి కిందికి వేలాడే సన్న రబ్బరు పైపు కొస. అదే ఓవర్‌ఫ్లో పైపు. మొదటి మెకానిక్ మార్చిన పైపుకీ దీనికీ సంబంధమే లేదు.

గుంటలు ఎక్కడ పడ్డాయో చూసుకుని ఆ పై భాగాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో కీలుకు టిష్యూ కాగితం ఒత్తి చూడండి. పెట్రోల్ కారి ఆరిన చోట గోధుమ రంగు జిగురు పొర ఉంటుంది. దుమ్ము అంటుకున్న ఆ మరక ఎక్కడ మొదలైందో, లీకు అక్కడే. పెట్రోల్ కిందికే కారుతుంది కాబట్టి తడి కొసలో కాదు, తడి మొదలైన చోట చూడాలి.

నాలుగో పని: కార్బొరేటర్

పాత బళ్లలో నూటికి ఎక్కువ పాళ్లు ఇక్కడే తేలుతుంది. అందుకని కాస్త వివరంగా.

గిన్నెలో తేలే ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, ఫ్లోట్ అంటారు. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. పెట్రోల్ నిండేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, ఒక చిన్న సూదిని ఇత్తడి రంధ్రంలోకి నొక్కి దారి మూస్తుంది. ఆ సూదే నీడిల్. దాని కొసకు రబ్బరు ఉంటుంది. నీడిల్ సరిగ్గా మూయకపోతే ట్యాంకులో పెట్రోల్ ఉన్నంతసేపూ గిన్నె నిండుతూనే ఉండి, ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది. నడిపేటప్పుడు ఇంజిన్ తాగేస్తుంది కాబట్టి తెలియదు. ఆపాకే బయటపడుతుంది. మైలేజీ పడిపోయిందని బంకును తిట్టుకుంటూ ఉంటాం ఈలోగా.

రుజువు సులువు. ఒక రాత్రి ట్యాప్ ఆఫ్ చేసి పెట్టండి, మర్నాడు రాత్రి ఆన్‌లో వదలండి. ఆఫ్ చేసిన రాత్రి వాసన లేకపోతే లోపం ట్యాప్ దాటాకే ఉంది, చాలావరకు కార్బొరేటర్‌దే. ఆన్‌లో వదిలేటప్పుడు బండి ఆరుబయటే ఉండాలి, ఓవర్‌ఫ్లో పైపు కొసను ఓ గాజు సీసాలో పెట్టండి. మా సీసాలో తెల్లారేసరికి వేలెడు ఎత్తు పెట్రోల్ ఉంది. ఆఫ్‌లో పెట్టినా కారుతుంటే ట్యాప్ కూడా పాడైందని అర్థం. చాలా స్కూటర్లకు ఆన్, ఆఫ్ ఉండదు; ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే వాల్వు ఉంటుంది. అది పాడై మూసుకోకపోతే మొత్తంగా మార్చాలి.

రెండో మెకానిక్ రైల్వే స్టేషన్ రోడ్డులో చెట్టు కింద పని చేసుకునే పెద్దాయన. సీసా సంగతి చెప్పగానే "ట్యాప్ కట్టకుండా పడుకున్నావేటి బాబూ?" అని నవ్వి, బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. స్క్రూ డ్రైవర్ తిరగేసి, దాని చెక్క పిడితో గిన్నె అడుగున మెల్లగా రెండు దెబ్బలు కొట్టాడు. కారడం ఆగింది. "చెత్త అడ్డుపడింది. మళ్లీ వస్తాది, ఇప్పి చూద్దాం" అన్నాడు. నిజంగానే మళ్లీ మొదలైంది. విప్పాక నీడిల్ తీసి బొటనవేలి గోరు మీద నిలబెట్టి నా వైపు తిప్పాడు. రబ్బరు కొస చుట్టూ వెంట్రుకవాసి గీత, గుండ్రంగా. "ఇదిగో, ఉంగరం పడిపోయింది. ఇంక మూయదు." ఇత్తడి రంధ్రంలో ఎర్రటి తుప్పు నలుసు ఒకటి. కొత్త నీడిల్, గిన్నె వాషర్, కూలీ అన్నీ కలిపి రెండు వందల లోపే అయింది.

మీరే చేసుకోవాలంటే: ట్యాప్ ఆఫ్. బండి నీడలో, నిప్పుకు దూరంగా. గిన్నె అడుగున ఉండే చిన్న స్క్రూ సగం వదులు చేస్తే పెట్రోల్ పైపులోంచి సీసాలోకి దిగుతుంది. దిగాక ఒకసారి ట్యాప్ ఆన్ చేసి కొంచెం పెట్రోల్ పారనిచ్చి మళ్లీ కట్టేయండి. చిన్న నలుసైతే దీంతోనే కొట్టుకుపోతుంది, విప్పే పని తప్పుతుంది. సీసాలో అడుగున నీటి బుడగలు, తుప్పు కనిపిస్తే ట్యాంకు కడిగించాలని గుర్తు పెట్టుకోండి.

ఆగకపోతే గిన్నె విప్పాలి. స్క్రూలకు సరిపోయే సైజు డ్రైవరే వాడండి, లేకపోతే గాళ్లు అరిగి ఆ తర్వాత డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. గిన్నె కిందికి తీశాక ఫ్లోట్‌ని పట్టి ఉంచే సన్న పిన్ను పక్కకు తోస్తే ఫ్లోట్, నీడిల్ కలిసి చేతిలోకి వస్తాయి. కింద తెల్లగుడ్డ పరుచుకోండి, పిన్ను ఎగిరిపడితే వెతకలేరు. ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూడండి. లోపల పెట్రోల్ చప్పుడు వస్తే అది చిల్లుపడి మునిగిపోతోంది, మార్చాలి. ఇత్తడి రంధ్రాన్ని చెవులు తుడుచుకునే దూదిపుల్లతో తుడవండి. తీగ, గుండుసూది, ఉప్పుకాగితం పెట్టకండి. గీత పడితే ఎన్ని నీడిల్స్ మార్చినా ఆగదు. ఫ్లోట్‌కి ఇనుప నాలుక ఉంటే దాన్ని వంచి ప్రయోగాలు చేయొద్దు. దాని ఎత్తుకు లెక్క ఉంటుంది, అది తెలిసినవాళ్ల పని.

మూసే ముందు ఇంజిన్ ఆయిల్ చూడటం మరవకండి. ఇది చాలామంది వదిలేస్తారు. ఓవర్‌ఫ్లో పైపు పూడిపోయిన బండిలో ఎక్కువైన పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి పీల్చండి. పెట్రోల్ వాసన వేసినా, ఆయిల్ గీత దాటి పైకి వచ్చినా, నీళ్లలా పల్చగా జారినా కిక్ కొట్టొద్దు. ఆ ఆయిల్ బేరింగులను కాపాడదు. ముందు నీడిల్, తర్వాత ఆయిల్ మార్పు, ఆ తర్వాతే స్టార్ట్.

ఐదో పని: పైపు, క్లిప్, ట్యాంకు అడుగు

పెట్రోల్ పైపును రెండు కొసల దగ్గర వంచి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కనిపించని పగుళ్లు వంచితే నోరు తెరుస్తాయి. కొస ఒక్కటే పాడైతే, పొడవు సరిపోతే, సెంటీమీటరు కోసి మళ్లీ ఎక్కించవచ్చు. కొత్తది కొంటే పెట్రోల్ పైపు అనే అడిగి కొనండి. నీళ్ల మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టం, సెలైన్ గొట్టం తొడిగిన బళ్లు చూశాను. కొన్నాళ్లకే గాజులా గట్టిపడి జారిపోతాయి.

2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ (ఇ20) వచ్చింది, ఇప్పుడు మనకు దాదాపు ప్రతి బంకులో దొరికేది అదే. దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయని పాత బళ్లలో రబ్బరు వాషర్లు, పైపులు తొందరగా ఉబ్బడమో గట్టిపడటమో జరగవచ్చు. బండి అమ్మేయాల్సిన పనేమీ లేదు. కొత్త వాషర్లు కొనేటప్పుడు ఇ20కి పనికొచ్చేవి అడిగితే చాలు. ఇథనాల్‌కి ఇంకో గుణం, తేమను పీల్చుకుంటుంది. కళింగపట్నం, పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు సగం ఖాళీ ట్యాంకుతో బండిని నెలల తరబడి వదిలేస్తే లోపల నీరు చేరి తుప్పు మొదలవుతుంది. మా బండిలో నీడిల్ కింద దొరికిన నలుసు ట్యాంకులో పట్టిన తుప్పుదే. ఉప్పుగాలికి పైపు క్లిప్పులు కూడా సన్నబడి పట్టు వదులుతాయి. వాటిని ఏడాదికోసారి మార్చడం దండగేమీ కాదు.

ట్యాంకు అడుగు అతుకు వెంట, సీటు కింద దాగిన వెనక భాగంలో వేలితో తడిమి చూడండి. సూదిమొనంత చిల్లు ఉంటే సబ్బుముక్క గట్టిగా రుద్దితే తాత్కాలికంగా ఆగుతుంది, మెకానిక్ దాకా చేరడానికి సరిపోతుంది. కానీ ఆ ట్యాంకు తీసుకుని నేరుగా వెల్డింగ్ షాపుకు వెళ్లకండి. "పెట్రోల్ అంతా ఒంపేశాం, ఖాళీయే" అనుకునే ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. నిండు ట్యాంకు కంటే అదే బాంబు లాంటిది. ఈ పని రోజూ చేసేవాళ్లు ట్యాంకును బాగా కడిగి, ఆవిరి లేకుండా చేశాకే మంట దగ్గరికి తెస్తారు.

ఆరో పని: ఇంజెక్షన్ బండి అయితే

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక తయారైన బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్ అనే భాగం పెట్రోల్‌ని చిమ్ముతుంది. వీటికి గిన్నె, ఫ్లోట్, నీడిల్ ఉండవు. ఆవిరి బయటికి పోకుండా బొగ్గుపొడి నింపిన డబ్బా, క్యానిస్టర్ ఉంటుంది. ట్యాంకులోని ఆవిరిని అది పీల్చి పట్టుకుని, నడిపేటప్పుడు ఇంజిన్‌కి ఇస్తుంది. అందువల్ల కొత్త బండి ఎండలో తిరిగొచ్చినా వాసన వేయకూడదు. వేస్తోందంటే పాత బండిలా "వేడికి మామూలే" అని వదిలేయకండి.

ఇక్కడ మొదటి అనుమానం మళ్లీ ఆ రౌండ్ ఫిగర్ మీదే. పదేపదే మూత దాకా నింపితే ద్రవ పెట్రోల్ క్యానిస్టర్‌లోకి వెళ్లి బొగ్గు తడిసిపోతుంది. రెండోది వాటర్ వాష్. ప్రెజర్ దెబ్బకు క్యానిస్టర్ పైపు ఊడిపోవడం మామూలే, ఊడిన పైపు కంటికి కనిపిస్తే వెనక్కి తొడగండి. మూడోది ట్యాంకు క్లీనింగ్. పంపు ట్యాంకులోపల ఉంటుంది, విప్పినప్పుడు పాత వాషరే మళ్లీ వేస్తే నిండు ట్యాంకులో అక్కడి నుంచి చెమ్మ వస్తుంది. క్లీనింగ్ చేయించిన వారంలోనే వాసన మొదలైతే వెళ్లి ఆ ఒక్క ప్రశ్నే అడగండి, వాషర్ కొత్తది వేశారా అని.

పంపు నుంచి ఇంజెక్టర్‌కి వెళ్లే పైపును మాత్రం మీరు ముట్టుకోవద్దు. అందులో పెట్రోల్ ఒత్తిడితో ఉంటుంది, చిన్న ట్యాప్ బళ్లలోలా కారదు, చిమ్ముతుంది. తాళం ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమంటుంది చూశారా, అప్పుడు ఇంజెక్టర్ దగ్గర తడి కనిపిస్తే వెంటనే ఆఫ్ చేసి, నడపకుండా ట్రాలీ ఆటోలో సర్వీసుకు పంపండి.

సైలెన్సర్ వాసన

ఇది లీకు కాదు, పెట్రోల్ పూర్తిగా కాలకపోవడం. చోక్ వేసి మర్చిపోయారేమో చూడండి, నేనూ మర్చిపోయాను ఓసారి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, స్పార్క్ ప్లగ్ మసిబారినా ఇంతే. ప్లగ్ తీసి చూస్తే నల్లటి పొడి మసి పట్టి ఉంటుంది.

రిపేరు అయ్యాక కూడా వాసన వస్తుంటే

నీడిల్ మార్చిన రాత్రి కూడా మా వరండాలో వాసన ఉంది. మళ్లీ మెకానిక్ దగ్గరికి పరిగెత్తబోయాను. ముగ్గుపిండి మాత్రం నున్నగా, ఒక్క గుంట లేకుండా ఉంది. సిమెంటు గచ్చు ఇన్నాళ్లుగా పీల్చుకున్న పెట్రోల్ అది. ఇసుక ఎత్తేశాక గచ్చు మీద బట్టల సబ్బుపొడి చల్లి, కొద్ది నీళ్లతో కొబ్బరిపీచు పెట్టి తోమి, తుడిచి ఆరబెట్టండి. రెండు మూడు సార్లు చేయాలి. బండి కింద పరిచిన గోనెపట్టా, కాళ్లు తుడుచుకునే పట్టా ఉంటే పారేయండి, అవి ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలవు.

సీసాలో పట్టిన పెట్రోల్‌లో నీరు, తుప్పు లేకపోతే పల్చటి గుడ్డలో వడకట్టి ట్యాంకులో పోసేయవచ్చు. ఉంటే మెకానిక్‌కి ఇవ్వండి, పార్టులు కడుక్కుంటాడు. నీళ్ల సీసాలో పోసి మెట్ల కింద దాచొద్దు, పిల్లలు నీళ్లనుకుంటారు.

ముగ్గుపిండి వరసగా మూడు తెల్లవార్లు చూశాను. మూడో రోజు పొద్దున్న వరండా తుడుస్తూ అమ్మ, "ఇంక ఆ పిండి తీసేత్తానురా, చీమలు పడతన్నాయి" అంది. రాతి ముగ్గుకి చీమలు పట్టవని చెప్పి, ఇంకో రాత్రి ఉంచాను.